మంచినీళ్లతో వచ్చిన కాగితం

నరసరావుపేట,
జులై 8.

ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, జువ్వలకోట.

అయ్యా,

మీ బడిలో పదో తరగతి చదువుతున్న భవితకు నేను తండ్రిని. దాని తల్లి లేదు. నేను ఇక్కడ పప్పుల మిల్లులో గుమస్తాను. ఇన్నాళ్లూ మిల్లు వెనక గదిలో ఉండేవాడిని కాబట్టి పిల్లను జువ్వలకోటలో మా అమ్మ సరస్వతమ్మ దగ్గరే ఉంచాను. ఇప్పుడు పేటలో రెండు గదుల ఇల్లు దొరికింది. పిల్లను ఇక్కడి బడిలో చేర్పించాలని అనుకుంటున్నాను. దయచేసి టీసీ ఇవ్వగలరు.

నేను రాను. మా అమ్మ వచ్చి తీసుకుంటుంది. నాకు ఫోన్ చేయవద్దు. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే కాగితం మీద రాసి పంపండి.

ఇట్లు,
బాలకోటయ్య


జువ్వలకోట,
జులై 15.

ఒరేయ్ బాలకోటీ,

"శ్రీ బాలకోటయ్య గారికి" అని మొదలుపెట్టి ఆ కాగితం చించేశాను. ఐదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడికి గారు ఏందిరా? నేను వెంకటకృష్ణను. నిరుడు జూన్ నుంచి మన బడికి ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్ని నేనే. తెలిసి కూడా అయ్యా అని రాశావో, తెలియక రాశావో నాకు అర్థం కాలేదు.

టీసీ సంగతి. తొందరపడకు. భవిత మండలంలోనే మొదటి పిల్ల అవుతుంది. పేటలో ఒక్కో సెక్షన్‌లో అరవైమంది ఉంటారు. వాళ్లలో నీ కూతురు అరవై ఒకటో నంబరు. ఇక్కడ దాని పేరు తెలియని మాస్టరు లేడు. సోషల్ మాస్టరుకు దాని నానమ్మ మోకాళ్ల నొప్పి సంగతి కూడా తెలుసు. మధ్యాహ్నం అన్నం వండే మంగతాయారు దాని కంచంలో రెండో గుడ్డు వేస్తుంది, ఎందుకంటే మంగతాయారు కూతురు ప్రత్యూషకు లెక్కలు చెప్పేది భవితే. ఇద్దరిదీ ఒకే బెంచీ. సాయంత్రం బ్యాగులు మార్చుకుని మోసుకుంటూ ఇంటికి పోతారు. పేటలో దానికి ఇట్లాంటి తోడు దొరుకుతుందా?

ఇంకొకటి. ట్రిపుల్ ఐటీలో సర్కారు బడి పిల్లలకు మార్కులు కొన్ని కలుపుతారు. ప్రైవేటులో చేర్పిస్తే అవి పోతాయి. ఆలోచించుకో. పెద్ద ఊరి బడి పిల్లను చదివిస్తుంది. చిన్న ఊరి బడి పెంచుతుంది. నన్ను పెంచింది ఈ బడే.

ఒకసారి వచ్చి పో. గేటు కొత్తది పెట్టించాం.

నీ
వెంకటకృష్ణ


నరసరావుపేట,
జులై 23.

హెడ్మాస్టరు గారికి,

మీరే హెడ్మాస్టరు అని తెలిసే రాశాను.

మీరు రాసినవి నిజమే. అందరికీ పేర్లు తెలుస్తాయి. నడిచి ఇంటికి పోవచ్చు. గుడ్డు సంగతి మా అమ్మ కూడా చెప్పింది. మంగతాయారు గారికి నా నమస్కారం చెప్పండి.

మీరు రాయనివి నేను రాస్తాను. లెక్కల మాస్టరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. తెలుగు మాస్టరు తీరికున్నప్పుడు లెక్కలు చెబుతున్నాడు. మా పిల్ల గైడు చూసి తనే నేర్చుకుంటోంది. సైన్సు గదికి తాళం, లోపల ఎన్నికల పెట్టెలు ఉన్నాయట. ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్లు తాగరు, ఎందుకు తాగరో మీకు తెలుసు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒకటుంది. పోయిన నెలలో యూనిట్ టెస్టులో మా పిల్లకు లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. పేపర్లు పంచేటప్పుడు వెనక బెంచీలో ప్రెసిడెంటు గారి అబ్బాయి "స్లిప్పుల కోటయ్య కూతురు గదా, రాకేం" అన్నాడట. క్లాసంతా నవ్విందట. ఆ అబ్బాయి పుట్టక ముందే నేను బడి వదిలేశాను. అయినా వాడికి నా పేరు తెలుసు. అందరికీ అందరూ తెలిసిన బడి అంటే అదే. మీరు మంచి అన్నదీ నేను చెడ్డ అంటున్నదీ రెండూ ఒకటే.

పేటలో నా కూతురు అరవై ఒకటో నంబరు అయితే నాకు చాలు. టీసీ ఇవ్వండి.

బాలకోటయ్య


జువ్వలకోట,
సెప్టెంబరు 2.

బాలకోటీ,

జవాబు ఆలస్యమైంది. టీసీ ఇప్పుడు చేత్తో రాసిచ్చేది కాదు, ఆన్‌లైన్. ఆగస్టంతా సర్వర్ లేదు. తర్వాత ఎంఈవో గారు సెలవులో ఉన్నారు. మీ అమ్మ రెండుసార్లు వచ్చింది, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాను.

ఆ పేరు పెట్టి పిలిచిన పిల్లవాడిని పిలిపించి మందలించాను. మరీ గట్టిగా అనలేను, వాళ్ల నాన్న ఊరికి ప్రెసిడెంటు, బడికి ప్రహరీ కట్టించింది ఆయనే. పిల్లలన్న తర్వాత ఏవో అనుకుంటారు. మనం అనుకోలేదా? ఆ పాత సంగతి నువ్వు ఇంకా మనసులో పెట్టుకున్నట్టున్నావు. అప్పుడు మనకు పదిహేనేళ్లురా.

క్వార్టర్లీ పరీక్షలు అయిపోనీ. అప్పుడు చూద్దాం.

వెంకటకృష్ణ


నరసరావుపేట,
డిసెంబరు 4.

హెడ్మాస్టరు గారికి,

మా అమ్మ మొత్తం ఆరుసార్లు వచ్చింది. కూర్చోబెట్టింది మొదటి రెండుసార్లే. తర్వాత వరండాలో నిలబడింది. మీరు మీటింగులో ఉన్నారన్నారు. నిన్న పరీక్ష రాసేవాళ్ల జాబితా, నామినల్ రోల్స్ వెళ్లిపోయాయని, ఇప్పుడు బడి మారితే పిల్ల పరీక్ష రాసే వీలు లేదని అటెండరు చేత చెప్పించారు. మీకు కావాల్సింది అదేనని జులైలోనే నాకు తెలిసి ఉండాల్సింది.

పాత సంగతి మనసులో పెట్టుకున్నానన్నారు. ఆ రోజు ఏం జరిగిందో ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, మీ దగ్గర కూడా కాగితం మీద ఉంటుంది.

తొంభై తొమ్మిది మార్చి, లెక్కల రెండో పేపరు. స్క్వాడు గది వాకిట్లోకి వచ్చింది. మీ చేతిలో ఉన్న స్లిప్పు నా అట్ట కిందికి వచ్చింది. స్క్వాడు సారు ఎవరిదని అడిగాడు. మీరు "వాడిదే సార్" అన్నారు. అప్పుడు మా నాన్న మీ నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాడు. నేను నోరు తెరవలేదు. మూడేళ్లు డిబారు చేశారు. మర్నాడు ప్రేయరులో అప్పటి హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్య గారు నన్ను ముందు నిలబెట్టి, బడి పరువు తీసినవాణ్ణి చూడండి అని పిల్లలకు చూపించారు. మా నాన్న నన్ను కొట్టలేదు. నేను చేసిన పనికి కౌలు తీసేయవద్దని మీ ఇంటికి వచ్చి మీ నాన్న కాళ్లు పట్టుకున్నాడు. అప్పుడు మీరు అరుగు మీద కూర్చుని తర్వాతి పరీక్షకు చదువుకుంటున్నారు.

మీరు ఆ సంవత్సరం బడికి రెండో ర్యాంకు. నేను పొట్లాలు కట్టే పేపర్లు చదివి చదువు నేర్చుకున్నాను.

బాలకోటయ్య


జువ్వలకోట,
డిసెంబరు 12.

బాలకోటయ్యా,

నీ ఉత్తరం చదివాను. కాదనను. నువ్వు ఆ రోజు చెప్పి ఉంటే నేను ఒప్పుకునేవాడినేమో. నువ్వు చెప్పలేదు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎదురుపడి అడగలేదు. నీ మౌనం నాకు ఎట్లా తెలుస్తుంది?

అయినా దానికీ దీనికీ సంబంధం లేదు. భవితను నా సొంత కూతురిలా చూసుకుంటాను. క్వార్టర్లీలో ఐదు వందల ఎనభై తొమ్మిది వచ్చాయి. ఫోటో బోర్డు మీద పెట్టించాను.

వెంకటకృష్ణ


జువ్వలకోట,
ఫిబ్రవరి 10.

బాలకోటయ్యా,

ఊరి విషయం ఒకటి రాయాలి. చదివిన తర్వాత ఈ కాగితం ఉంచకు.

పోయినేడాది మన బడి ఫలితం జిల్లాలో కింది నుంచి మూడోది. ఈసారి కూడా అట్లాగే వస్తే పై తరగతులు కారంపూడికి పంపేసి ఇక్కడ ఎనిమిది దాకా ఉంచుతామని పైనుంచి మాట వచ్చింది. అప్పుడు ఈ ఊరి ఆడపిల్లల్లో సగంమంది బస్సెక్కరు, చదువు అక్కడితో సరి. ఈసారి అరవై ఒక్కమంది రాస్తున్నారు. మిగతా సబ్జెక్టులు గట్టెక్కుతారు. లెక్కలు కష్టం. కారణం నువ్వే రాశావు, మాస్టరు లేడు.

పరీక్ష సెంటరు మన బడిలోనే. పరీక్ష నడిపే చీఫ్ వేరే మండలం నుంచి వస్తాడు, భోజనం ప్రెసిడెంటు గారింట్లో. భవిత తన పేపరు తను రాసుకుంటుంది, దాన్ని ఎవరూ కదిలించరు. మొదటి గంటలో లెక్కలు ఒక తెల్లకాగితం మీద కూడా చేసి పెడితే చాలు. మంచినీళ్లు పోసే మనిషి తీసుకుంటుంది. మిగతాది మేం చూసుకుంటాం.

ప్రత్యూషలాంటి పిల్లల ముఖం చూసి అడుగుతున్నాను. పిల్లను అడిగితే మా నాన్నను అడగండి అంది.

ఊళ్లో ఉండాల్సిన వాళ్లు ఊరికి పనికి రావాలి గదా. మీ అమ్మ పిల్లను పెట్టుకుని ఒక్కతే ఉంటోంది. నేను పట్టుబట్టలేదు గానీ ప్రెసిడెంటు గారు పట్టుదల మనిషి.

వెంకటకృష్ణ


నరసరావుపేట,
ఫిబ్రవరి 18.

హెడ్మాస్టరు గారికి,

మీరు సాయం అన్నదాన్ని నేను స్లిప్పు అంటాను. నన్ను డిబారు చేసిన గదిలో నా కూతురి చేత స్లిప్పు రాయించమంటున్నారు. దొరికితే ఎవరిదని అడుగుతారు. మీరేం చెబుతారో నాకు తెలుసు.

చేయదు.

బాలకోటయ్య


జువ్వలకోట,
మార్చి 6.

బాలకోటయ్యా,

ఒకటో తారీఖున మీ అమ్మకు పింఛను ఇవ్వలేదని తెలిసింది. సచివాలయం వాళ్లు వెరిఫికేషన్‌లో ఉందన్నారట. నాకు దీంతో ఏ సంబంధమూ లేదని నువ్వు నమ్మాలి. మీ అమ్మ మన ఆఫీసుకు వచ్చి ఏడ్చింది. ప్రెసిడెంటు గారితో మాట్లాడతానని చెప్పాను. ఆయన "పరీక్షలు కానీయండి మాస్టారూ, అన్నీ సర్దుకుంటయ్" అన్నాడు.

నేను ఇంతకన్నా ఏమీ రాయలేను.

వెంకటకృష్ణ


నరసరావుపేట,
మార్చి 11.

హెడ్మాస్టరు గారికి,

మొన్న ఆదివారం భవిత ఇక్కడికి వచ్చింది. మాట్లాడాను. మీరు అడిగిన కాగితం రాసి పెడుతుంది. లెక్కలకు మాత్రమే. ఇకమీదట మా అమ్మ మీ ఆఫీసుకు రాదు.

బాలకోటయ్య


జువ్వలకోట,
మార్చి 25.

ఒరేయ్ బాలకోటీ,

నిన్న లెక్కల పరీక్ష అయింది. ఈ ఉత్తరం నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను, అందుకే రాస్తున్నాను.

సరిగ్గా గంటకు మంగతాయారు మంచినీళ్ల బిందె తీసుకుని వెళ్లింది. నీ కూతురు గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు కాగితం దాని కిందే ఉంది. మంగతాయారే ఆశ్చర్యపోయింది, నాకే చెమటలు పట్టినయ్ సార్, ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది అంది. పది నిమిషాల్లో బడి వెనక షాపులో జిరాక్సు తీయించాం. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. నాలుగు గదులకూ మంచినీళ్లతో పాటే వెళ్లాయి. స్క్వాడు వచ్చేసరికి అంతా సర్దేశాం.

సాయంత్రం ప్రెసిడెంటు గారు బడికి వచ్చి పిల్లను చూడాలన్నారు. అప్పటికే ఇంటికెళ్లిపోయింది. మీ అమ్మ పింఛను వచ్చే నెల పాతబాకీతో సహా వస్తుంది.

మన మధ్య ఉన్నది నిన్నటితో తీరిపోయిందని నేను అనుకుంటున్నాను. నీకు పెద్ద మనసురా.

నీ
వెంకటకృష్ణ


జువ్వలకోట,
ఏప్రిల్ 26.

బాలకోటయ్యా,

ఫలితాలు నువ్వూ చూసే ఉంటావు. భవితకు ఆరు వందలకు ఐదు వందల తొంభై నాలుగు. లెక్కల్లో నూరు. మండలంలో మొదటిది.

అరవై ఒక్కమందిలో నలభై నాలుగుమంది లెక్కల్లో తప్పారు.

మొదట నమ్మలేదు. దిద్దినవాళ్లు పొరపాటు చేశారనుకున్నాను. నిన్న ఆ జిరాక్సు కాగితం దగ్గర పెట్టుకుని, పేట నుంచి ఒక లెక్కల మాస్టరును పిలిపించి చూపించాను. ఆయన కాసేపు చూసి, ఇది తెలియక చేసిన తప్పు కాదు మాస్టారూ అన్నాడు. ప్రతి లెక్కా మొదటి రెండు మెట్లు సరిగ్గా ఉన్నాయి. మూడో మెట్టులో ఒక్క గుర్తు మారుతుంది, కూడిక ఉండాల్సిన చోట తీసివేత. ఆపైన అంతా పద్ధతిగా తప్పు జవాబు వైపు నడుస్తుంది. బిట్లలో ఒక్కటీ సరైంది కాదు, ఊరికే గుడ్డిగా పెట్టినా నాలుగైదు సరిపోవాలి గదా. అన్నీ తెలిసిన పిల్లే అన్నీ తప్పు రాయగలదు అన్నాడు.

నాకు మెమో వచ్చింది. నేను ఎవరికీ ఏమీ చెప్పుకోలేను. చెబితే ఆ కాగితం నా చేతికి ఎట్లా వచ్చిందని అడుగుతారు. ఇదంతా నువ్వు ముందే ఆలోచించావు.

నేను అడిగేది ఒక్కటే. నువ్వు చెప్పావా, తను చేసిందా?

వెంకటకృష్ణ


నరసరావుపేట,
మే 2.

వెంకటకృష్ణా,

నేనే చెప్పాను. ఆ ఆదివారం కూర్చోబెట్టి తొంభై తొమ్మిది సంగతి మొత్తం చెప్పాను. స్లిప్పు రాయమంటే రాయి, తప్పులు రాయి, ఎవరికీ చెప్పకు అన్నాను. మూడో మెట్టులో గుర్తు మార్చడం నేను చెప్పలేదు. నాకు ఆ లెక్కలు రావు. అది దాని తెలివి.

ప్రెసిడెంటు గారి అబ్బాయికి లెక్కల్లో పదకొండు వచ్చాయని తెలిసింది. నలభై నాలుగుమంది అని నీ ఉత్తరంలో చదివి ఆ పూట మిల్లులో హమాలీలందరికీ మిఠాయి పంచాను. కూతురు ఫస్టు వచ్చిందని పంచాడు అనుకున్నారు. నేను దిద్దలేదు.

నన్ను ప్రేయరులో నిలబెట్టినప్పుడు బడి మొత్తం చూసింది. ఇప్పుడు జిల్లా మొత్తం నిన్ను చూస్తోంది. ఇన్నాళ్లూ నీకు మీరు అని రాశాను. ఇక అవసరం లేదు.

మా అమ్మను ఇక్కడికి తెచ్చేశాను. ఆ ఊళ్లో మాకు ఇక ఎవరూ లేరు.

బాలకోటయ్య


ఈపూరు,
జూన్ 9.

బాలకోటయ్యా,

నన్ను బదిలీ చేశారు. ఈపూరులో గది తీసుకుని దగ్గర్లో ఒక బడికి పోయి వస్తున్నాను. హెడ్మాస్టరును కాదు, మాస్టరునే. నీకు సంతోషమైతే సంతోషపడు, నాకు అది తగిందే.

ఈ ఉత్తరం నా గురించి కాదు. దీంతో పాటు ఒక జిరాక్సు పంపుతున్నాను. ప్రత్యూష లెక్కల పేపరు. రీవెరిఫికేషన్ పెట్టించి తెప్పించాను. ఆ పిల్ల తప్పుతుందని నేను అనుకోలేదు. ఫస్టు రాదు గానీ పాసవుతుంది, ఏడాదంతా నీ కూతురి పక్కన కూర్చుని నేర్చుకుంది.

పేజీలు తిప్పి చూడు. మొదటి గంటలో పద్నాలుగు ప్రశ్నలు సొంతంగా చేసింది. పదకొండు సరైనవి. యాభై మార్కులు దాటేవి. ఆ తర్వాత వాటి మీద స్కేలు పెట్టి గీత గీసి కొట్టేసింది. కింద నీ కూతురి జవాబులు ఎక్కించింది. ఇరవై రెండు వచ్చాయి.

నేను వాళ్లింటికి వెళ్లాను. మంగతాయారు తల ఎత్తలేదు. కాగితాలు నా చేతికే ఇచ్చారు గదా సార్, అందరికంటే ముందు నా కూతురికే ఇచ్చాను అంది. ప్రత్యూషను అడిగాను, నీవి సరిగ్గా ఉన్నాయి గదమ్మా, ఎందుకు కొట్టేశావని.

"భవిత రాసింది గదా సార్. నాదే తప్పయ్యుంటదనుకున్నా."

సప్లిమెంటరీకి ఫీజు నేను కడతానన్నాను, రాయనంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు. మిగతా నలభై మూడుమంది గురించి నేను నిన్ను ఏమీ అనను. వాళ్లు కాపీ కొట్టి తప్పారు. ఈ పిల్ల నమ్మి తప్పింది.

నిన్ను నిందించే అర్హత నాకు లేదు. కానీ తెలిసి ఉండాలని పంపాను.

వెంకటకృష్ణ


నరసరావుపేట,
జూన్ 24.

వెంకటకృష్ణా,

ఆ కాగితాలు నాలుగు రోజులు దగ్గర పెట్టుకున్నాను. నాకు లెక్కలు రాకపోయినా కొట్టివేతలు కనిపిస్తాయి. స్కేలు పెట్టి కొట్టింది. పేపరు ఖరాబు కాకూడదని కాబోలు.

భవితకు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. సర్కారు బడి మార్కులు కలిశాయి, నువ్వు చెప్పినట్టే. వెళ్లేలోపు ప్రత్యూషను చూసి రావాలని, గుంటూరు తీసుకుపోతానని చెప్పాను. ఎందుకు అంది. అప్పుడు ఆ జిరాక్సు చేతికిచ్చాను. పరీక్షకు చదివినట్టు మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక లెక్క దగ్గర ఆగి, ఇది నేను నేర్పిన పద్ధతి అంది. ముఖం మారుతుందని చూశాను. ఏమీ మారలేదు.

ప్రత్యూషకు ఒక్క మాట ముందే చెప్పి ఉండాల్సింది అన్నాను.

"నువ్వే ఎవరికీ చెప్పొద్దన్నావు గదా నాన్నా. అయినా కరెక్టుగా వచ్చినదాన్ని ఎవరు కొట్టేసుకోమన్నారు?"

కాగితాలు మడతపెట్టి తిరిగి నాకే ఇచ్చింది. హాస్టలుకు ట్రంకుపెట్టె కొనాలి, తాళం గట్టిది చూడు అంది. ఆ తర్వాత వాళ్ల నానమ్మ వేసిన దోసెలు మూడు తిన్నది. మాట వరసకు అంది, లోపల బాధపడుతూ ఉంటుంది అనుకున్నాను. వారం రోజులుగా గమనిస్తున్నాను. హాయిగా ఉంది. ప్రత్యూష పేరే రాలేదు. కొత్త స్నేహితులు దొరికారట, ఫోన్లో నవ్వుకుంటున్నారు.

మా అమ్మను అడగలేను. ఇక్కడ నాకు ఇట్లాంటివి మాట్లాడే మనిషి లేడు. అందుకని నిన్నే అడుగుతున్నాను. నీకూ అప్పుడు దాని వయసే. నా మీద చెప్పి, పరీక్ష రాసి, ఆ రోజు ఇంటికెళ్లావు. లోపల ఏమనుకున్నావు? దాచకుండా రాయి. నా కూతురు ఏమనుకుంటోందో నాకు తెలియాలి.

బాలకోటయ్య


ఈపూరు,
జులై 1.

బాలకోటయ్యా,

దాచకుండా రాయమన్నావు.

ఏమీ అనుకోలేదు. ఇంటికెళ్లేసరికి అమ్మ గారెలు వేస్తోంది, తిన్నాను. తర్వాతి పరీక్షకు చదువుకున్నాను. మీ నాన్న వచ్చి మా నాన్న కాళ్లు పట్టుకున్నాడని నువ్వు రాసిందాకా నాకు జ్ఞాపకం లేదు. అరుగు మీద నేను ఉన్నానంటే ఉండే ఉంటాను.

నాలుగైదేళ్ల తర్వాత ఎప్పుడన్నా బాధపడి ఉంటానని రాద్దామనుకున్నాను. ఎంత వెతికినా అట్లాంటి రోజు కనిపించలేదు. టీసీ కోసం నువ్వు రాసిన ఉత్తరం వచ్చినప్పుడే నువ్వు మళ్లీ గుర్తొచ్చావు.

వెంకటకృష్ణ